మెహ్మాన్‌కు చెప్పని మాట

కిటికీ పక్క మొదటి బెంచీలో ఇప్పుడు వేరే అమ్మాయి కూర్చుంటోంది. మంచి పిల్ల. చెప్పింది రాసుకుంటుంది, అడిగితే లేచి జవాబిస్తుంది, అడక్కపోతే నోరు విప్పదు. ఇలాంటి పిల్లలు క్లాసు నిండా ఉంటే టీచర్లు సుఖపడతారని స్టాఫ్‌రూంలో అంటుంటారు. నాకు మాత్రం ఆ బెంచీ వైపు చూసినప్పుడల్లా అంతకు ముందు అక్కడ కూర్చున్న పిల్లే గుర్తొస్తుంది. ఆ పిల్ల నన్ను ఒక్కరోజు కూడా ప్రశాంతంగా పాఠం చెప్పనివ్వలేదు.

నేను శాలిబండ దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఆ పిల్లది ఎనిమిదో తరగతి. బోర్డు మీద లెక్క సగంలో ఉండగానే, "టీచర్, గట్ల కాదు, గిట్ల చేస్తే జల్ది వస్తది" అనేది. కొన్నిసార్లు ఆమె చెప్పింది తప్పు. కొన్నిసార్లు నాదే చుట్టుదారి. క్లాసులో ఫ్యాను ఆగిపోతే నాతో చెప్పడం దండగనుకుని, నేరుగా హెడ్మాస్టర్ గదికి వెళ్ళి, "సార్, మీ ఫ్యాన్ మంచిగ తిరుగుతుంది, మాది తిరుగుత లేదు" అని చెప్పి వచ్చింది. నేను తిట్టాను. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి మా బడిలో ఎవరినడిగినా చెప్తారు. కానీ ఇంటికెళ్ళి కూర తరుగుతూ ఆ పిల్ల మాటలు తలచుకుని ఒక్కదాన్నే నవ్వుకునేదాన్ని.

దసరా సెలవుల తర్వాత ఆ పిల్ల బడికి రాలేదు. ఊరికి వెళ్ళుంటుంది, వస్తుందిలే అనుకున్నాను. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. ఈలోగా మరికొందరు ఆగిపోయారు. అందరూ ఆడపిల్లలే, అందరూ ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్ళే.

సరిగ్గా అప్పుడే జిల్లా ఆఫీసు నుంచి కబురొచ్చింది. ప్రతి బడీ పిల్లల ఇళ్ళవాళ్ళ అభిప్రాయాలు అడగాలి, వాళ్ళు ఏం కోరుకుంటున్నారో కనుక్కోవాలి, చేయగలిగింది చేయాలి. పైనుంచి వచ్చే కబుర్లలో నాకు నచ్చేవి తక్కువ, ఇది నచ్చింది. హెడ్మాస్టర్ గారు ఒక శనివారం మీటింగ్ పెట్టారు. షామియానా వేయించారు, కుర్చీలు తెప్పించారు, చాయ్, సమోసాలు సిద్ధం చేయించారు. తల్లులు వెనక వరుసల్లో సర్దుకున్నారు, తండ్రులు పక్కన నిలబడ్డారు. బడిలో ఏ ఇబ్బంది ఉన్నా మొహమాటం లేకుండా చెప్పమని సార్ మైకులో అడిగారు. ఒక పెద్దాయన లేచి, "సబ్ ఠీక్ హై సాబ్, అల్లా కా శుకర్ హై" అని కూర్చున్నాడు. మిగిలినవాళ్ళు తలలూపారు. సమోసాలు అయిపోయాయి, వాటితోపాటు మీటింగూ అయిపోయింది.

సార్ సంబరపడ్డారు. ఆయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు, ఈ చివరి రోజులు గొడవ లేకుండా గడిస్తే చాలనుకుంటారు.

"చూసిండ్రా మేడం, మన బడి మీద ఒక్క కంప్లైంట్ లేదు" అన్నారు.

"కంప్లైంట్ లేకుంటే ఆడపిల్లలు ఎందుకు వస్త లేరు సార్?" అన్నాను.

"మీకు అన్నీ అనుమానాలే" అని ఆయన చాయ్ కప్పు అందుకున్నారు.

మైకు ముందు చెప్పలేకపోయారు, ఇంట్లో అయితే చెప్తారని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. బడి వదిలాక ఇళ్ళకు తిరగడం మొదలుపెట్టాను.

ఇక్కడ నా తెలివి గురించి కొంచెం చెప్పాలి. నేను ఎక్కడి నుంచో వచ్చినదాన్ని కాదు, పుట్టి పెరిగింది ఇక్కడే. మా నాన్నకు చార్మినార్ దగ్గర బట్టల దుకాణం ఉండేది. మా ఇళ్ళల్లో అయినా, పక్కనున్న సాయిబుల ఇళ్ళల్లో అయినా ఇంటికొచ్చిన మెహ్మాన్‌కు, అదే అతిథికి, చేసే మర్యాద ఒక్కటే. గడప లోపలికి మనిషి వస్తే ముందు నీళ్ళు, తర్వాత చాయ్, చాయ్‌తో పాటు నమలడానికి ఏదో ఒకటి. ఇంట్లో ఎన్ని కష్టాలున్నా మెహ్మాన్ చెవిన పడకూడదు. పాలు విరిగిపోతే మా అమ్మ వంటింటి తలుపు తీసి పక్కింటికి గిన్నె పంపించేది, ముందు గదిలో మాత్రం నవ్వుతూ కబుర్లు చెప్పేది. మెహ్మాన్ ముందు కష్టాలు ఏకరువు పెట్టి షికాయత్ చేయడమంటే ఇంటి పరువు వీధిలో పెట్టుకోవడమే. ఇవన్నీ తెలిసిన మనిషిని, బ్యాగు భుజాన వేసుకుని వాళ్ళ గడపలెక్కి, కుర్చీలో కూర్చుని, చాయ్ కప్పు చేతిలో పట్టుకుని, మా బడితో మీకున్న కష్టాలేంటో చెప్పండని అడిగాను.

ఏం చెప్తారు? "అంతా మంచిగుంది టీచర్. మీరు మా ఇంటిదాంక వచ్చిండ్రు, గంతే చాలు." మరి పిల్ల ఎందుకు రావట్లేదంటే ఒంట్లో తబియత్ బాగాలేదన్నారు. ఒక ఇంట్లో ఆ తబియత్ బాగాలేని పిల్ల పరదా వెనక నుంచి తొంగి చూసి, నన్ను చూసి నవ్వింది కూడా. నేను లేస్తుంటే వాళ్ళమ్మ ఖారీ బిస్కెట్లు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. ఎంతమంది ఇళ్ళకు వెళ్ళానో అంత చాయ్ తాగాను. ఒక్క మాట కూడా దొరకలేదు.

నా పిల్ల ఇంటికి కూడా వెళ్ళాను. నా పిల్ల అనే అంటున్నాను, మనసులో అలాగే అలవాటైంది. తాళం వేసి ఉంది. ఇల్లు ఖాళీ చేసి చాంద్రాయణగుట్ట వైపు ఎక్కడికో వెళ్ళారని పక్కింటావిడ చెప్పింది. ఆ తాళం ముందు నిలబడితే నాకు ఏడుపొచ్చింది. ఇంకెప్పుడూ ఎవరూ నా లెక్కకు అడ్డం రారని అప్పుడే అర్థమైంది.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం మా అక్క ఇంటికి వెళ్దామని చాంద్రాయణగుట్ట షేర్ ఆటో ఎక్కాను. షేర్ ఆటో సంగతి తెలిసిందే, మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించుకుని కూర్చోవాలి, పక్కవాళ్ళ సంచి మన ఒడిలో ఉంటుంది. నా పక్కన బురఖా వేసుకున్న ఒకామె గుడ్డమూట ఒడిలో పెట్టుకుని కూర్చుంది. ఆటో గుంతలో పడినప్పుడల్లా ఆ మూటలో గాజులు కదిలేవి. లక్కగాజులు దుకాణం నుంచి ఇంటికి తెచ్చుకుని రాళ్ళు అతికించి మళ్ళీ దుకాణంలో ఇచ్చే పని ఇక్కడ చాలామంది ఆడవాళ్ళు చేస్తారు. ఆమె నన్ను కాసేపు చూసి, ముఖం మీది నఖాబ్ పైకి తీసింది.

"టీచర్, మీరే నా?"

ఆ పిల్ల తల్లి. ఈమె పుట్టిల్లు నల్లగొండ వైపు, తెలుగు నాకంటే గట్టిగా మాట్లాడుతుంది.

"ఆపా, మీ ఇంటికి పోయిన. తాళం ఉండె" అన్నాను.

"కిరాయి పెంచిండు టీచర్, గందుకే ఇటు వచ్చినం."

"పిల్లను ఏ బడిల ఏసిండ్రు?"

"యాడ ఏస్తం. ఇంట్లనే ఉంది."

"ఎందుకు మానిపిచ్చిండ్రు?" అని అడిగాను. తబియత్ అంటుందని ఎదురు చూశాను. అనలేదు. మూట ఒడిలోకి దగ్గరగా లాక్కుంది.

"ఇప్పుడు చెప్తే ఏమైతది తీ. మేం మీ బడోళ్ళం కాదు గదా" అని మొదలుపెట్టింది.

"మీ గేటు ఎటుంది టీచర్? రోడ్డు మీదికి. బడి ఇడిచే టైంకి ఎదురుంగ హోటల్ కాడ, మెకానిక్ దుకాణం కాడ ఎంతమంది పోరగాళ్ళు బండ్ల మీద కూసుంటరో ఎప్పుడన్న చూసిండ్రా? మీరు లోపల ఉంటరు, మీకెట్ల తెలుస్తది. ఆడపిల్లలు పోతుంటే పేర్లు పెడ్తరు, పాటలు పాడ్తరు. తక్కిన పిల్లలు తల దించుకుని పోతరు. మా దాని నోరు మీకు తెలుసు గదా. అది తిరిగి అన్నది. ఇగ దాని ఎంట పడ్డరు, ఇల్లు దాంక వచ్చిండ్రు. వాళ్ళ అబ్బాకు తెలిసింది. ఇగ బడి బంద్ అన్నడు."

ఆమె ఆగలేదు.

"మీ బడికి ఎనక గేటు ఒకటుంది. దానికి తాళం ఏసి పెట్టిండ్రు. గది తెరుస్తే మీకేం పోతది? ఎనక గల్లీల అందరు ఆడోళ్ళే, తలుపుల కాడ కూసొని గాజుల పని చేసుకుంటరు. ఆడికెళ్లి పిల్లలు పోతే ఏ పోరడు దగ్గరికి రాడు. మేం తల్లులం ఎన్నిసార్లు అనుకున్నమో గీ ముచ్చట."

"మరి మీటింగ్‌ల ఎందుకు చెప్పలే ఆపా?"

"కుర్చీలు ఏసిండ్రు, చాయ్ పోసిండ్రు, సమోస పెట్టిండ్రు. తిన్నంక నోరెట్ల వస్తది? అండ్ల మైకు. ఫలానామె బిడ్డ ఎంట పోరగాళ్ళు పడ్తున్నరంట అని బస్తీ మొత్తం తెల్వాల్నా?"

చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ వచ్చింది. ఆమె మూట సర్దుకుని దిగబోతుంటే ఫోన్ నంబర్ అడిగి తీసుకున్నాను. అక్క ఇంట్లో ఆ రోజు నేను ఏం తిన్నానో, ఏం మాట్లాడానో నాకు గుర్తు లేదు. ఆటోలో ఎవరూ ఎవరికీ మెహ్మాన్ కారు, అందుకే మాట బయటికొచ్చింది. అదొక్కటే తల నిండా తిరుగుతోంది.

మర్నాడు బడి వదిలే వేళకు ముందు గేటు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె చెప్పింది నిజం. నన్ను చూసి కొందరు బండ్లు స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు, కొందరు వెళ్ళలేదు. అక్కడి నుంచే హెడ్మాస్టర్ గదికి పోయి వెనక గేటు తెరవాలన్నాను.

"దొంగలు వస్తరు. మేకలు వస్తయి. పర్మిషన్ లేదు. ఏమన్న అయితే ఎవరిది జిమ్మేదారి?" అన్నారు సార్.

"నాది."

"మీది అంటే ఎట్ల మేడం, పైనోళ్ళు నన్ను అడుగుతరు."

"పైనోళ్ళే గదా ఇంటోళ్ళ మాట ఇనమన్నది. ఇన్న. ఇప్పుడు తెరవాలె" అన్నాను. నా గొంతు పక్క క్లాసు దాకా వెళ్ళిందట, పిల్లలంతా చప్పున ఊరుకున్నారని తర్వాత చెప్పారు. సార్ నెత్తి పట్టుకుని, "మీతోని లొల్లి నాకెందుకు, తెరువుండ్రి" అన్నారు.

గేటు ముందు విరిగిన బెంచీలు, ఇనుప తుక్కు గుట్టగా పోసి ఉన్నాయి. అటెండరూ, మేం కొందరు టీచర్లమూ కొంగులు బిగించుకుని ఒక పూటంతా మోశాం. తాళం తుప్పు పట్టి చెవికి లొంగలేదు, రాయితో పగలగొట్టాల్సి వచ్చింది. ఆ చప్పుడుకు గల్లీలో ఆడవాళ్ళంతా తలుపుల దగ్గరికి వచ్చారు. బియ్యం చాటలో పోసుకుని ఏరుకుంటున్న ఒక ముసలామె, "ఇన్నేండ్లకు తెలివైందా మీకు" అని, చాట చంకన పెట్టుకుని పీట లాక్కుని సరిగ్గా గేటు ఎదురుగా వచ్చి కూర్చుంది. ఇప్పటికీ ఆమె చోటు అదే. ఆమె నోటికి నా నోరు ఏ మూలకూ సరిపోదు.

ఆగిపోయిన పిల్లల ఇళ్ళకు మళ్ళీ వెళ్ళాను. ఈసారి కూర్చోలేదు, ఏమీ అడగలేదు. గడప బయటే నిలబడి, "ఎనక గేటు తెరిచినం, రేపటికెళ్లి పంపుండ్రి" అని చెప్పి వచ్చేశాను. ఒక్కొక్కరే తిరిగొచ్చారు. తబియత్ బాగాలేదన్న పిల్ల అందరికంటే ముందొచ్చింది.

మీటింగ్ పద్ధతి కూడా మారింది. షామియానా లేదు, కుర్చీల్లేవు, సమోసాల్లేవు. బడి వదిలే వేళకు నేను వెనక గల్లీలో నిలబడతాను, పిల్లల కోసం వచ్చిన తల్లులూ నిలబడతారు. అది మా బడీ కాదు, వాళ్ళ ఇల్లూ కాదు. అక్కడ వాళ్ళు చెప్పే మాటలకు అంతుండదు. బాత్రూం గడియ పడట్లేదు. నల్లా నీళ్ళు వాసనొస్తున్నాయి. పిల్లల బువ్వలో పప్పు నీళ్ళలా ఉంటోంది. లెక్కల టీచర్ మస్తు ఒర్రుతది, పిల్లలు భయపడుతున్నరు అని ఒకామె నా ముఖం మీదే చెప్పింది. గడియ పెట్టించాం, ట్యాంకు కడిగించాం. లెక్కల టీచర్‌ను బాగు చేయడం మాత్రం ఇంకా అవుతోంది.

ఇదంతా జరిగింది ఆ తల్లి మాట వల్ల. ఆమె బిడ్డ మాత్రం ఇందులో లేదు. వెనక గేటు నుంచి పిల్లలు గుంపులుగా నవ్వుకుంటూ వెళ్తుంటే చూసి సంతోషపడాలి, పడతాను కూడా. అయినా ఆ గుంపులో ఒక ముఖం కోసం వెతుక్కుంటాను. క్లాసులో ఫ్యాను బాగా తిరుగుతోంది. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా చేయి దానంతట అదే ఆగుతుంది, ఎవరైనా అడ్డం వస్తారేమోనని. ఎవరూ రారు. లెక్క పూర్తి చేసి, చేతులు దులుపుకుని, తర్వాతి లెక్కకు వెళ్తాను. ముప్పుతిప్పలు పెట్టిన పిల్ల లేకపోతే ఇంత వెలితిగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు.

పోయిన ఆదివారం ఇక ఆగలేక, ఫోన్‌లో దారి కనుక్కుని చాంద్రాయణగుట్ట వెళ్ళాను. ఫ్లైఓవర్ దాటాక ఒక సందులో, మేడ మీద చిన్న గది. తల్లి చాప మీద కూర్చుని గాజులకు రాళ్ళు అతికిస్తోంది. నన్ను చూసి గబగబా అంతా పక్కకు జరిపి కుర్చీ వేసింది. గేటు తెరిచిన సంగతి చెప్పాను.

"తెలిసింది టీచర్. మా పాత గల్లీ వాళ్ళు ఫోన్ చేసిండ్రు" అంది. పక్కకు జరిపిన గాజులను సర్దుతూ, "మీరు ఇంటరని తెలిస్తే ముందే చెప్తుంటి" అంది.

ఇంతలో పరదా తొలగించుకుని ఆ పిల్ల చాయ్ తెచ్చింది. కొంచెం పొడుగైంది. తల మీద దుపట్టా చెదరకుండా సర్దుకుంది. ట్రే నా ముందు పెట్టి, "తీస్కోండ్రి టీచర్" అని మెల్లగా అంది. ఆ గొంతు నాకు తెలియదు. చదువుకుంటావా అని అడిగాను. తల్లి వైపు ఒకసారి చూసి, "ఇక్కడ అంతా మంచిగుంది టీచర్. అమ్మీకి పనిల సాయం చేస్తున్న" అంది. హెడ్మాస్టర్‌తో ఫ్యాను కోసం పోట్లాడిన పిల్ల, నాకు బిస్కెట్ల ప్లేటు అందిస్తూ మర్యాదగా నవ్వుతోంది. లెక్క తప్పు చెప్పి అయినా సరే, ఒక్కసారి నాకు ఎదురు చెప్తే బాగుండుననిపించింది.

లేచాను. మెహ్మాన్‌ను సాగనంపడానికి తల్లీ పిల్లా ఇద్దరూ రోడ్డు దాకా వచ్చారు. ఫ్లైఓవర్ కింద బస్సులు, ఆటోలు, ఒకటే రద్దీ. చార్మినార్ వైపు వెళ్ళే షేర్ ఆటో వచ్చి ఆగింది. నేను ఒక కాలు లోపల పెట్టాను.

"టీచర్, నాకు బడికి రావాలనుంది" అంది ఆ పిల్ల. గట్టిగా, ఆటోలో వాళ్ళందరికీ వినపడేలా.

తల్లి గిర్రున తిరిగింది. "ఏందే గిది? మెహ్మాన్ ముందల గిట్ల మాట్లాడొద్దని ఎన్నిసార్లు చెప్పిన?"

"ఇంట్ల మాట్లాడొద్దన్నవు అమ్మీ. గిది రోడ్డు గదా."

నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వులోనే కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. నా పిల్ల ఎక్కడికీ పోలేదు. ఆటో డ్రైవర్, "ఎక్కుతరా లేదా అమ్మా" అని హారన్ కొట్టాడు. తల్లి బిడ్డను కాసేపు అలాగే చూసింది, కోపంగా కాదు. తర్వాత నా చేయి పట్టుకుని కిందికి దింపింది.

"ఈ ఆటో పోనియ్యుండ్రి టీచర్. ఇంకోటి వస్తది" అంది.

రోడ్డు పక్కన నిలబడి మాట్లాడుకున్నాం. ఒకటి తర్వాత ఒకటి ఆటోలు వచ్చి వెళ్ళిపోయాయి. పిల్లను పంపడానికి ఆమెకు అభ్యంతరం లేదు. గాజులు ఇవ్వడానికి రోజూ చార్మినార్ వస్తూనే ఉంటుంది, వచ్చేటప్పుడు పిల్లను వెనక గేటు దగ్గర దింపి, పోయేటప్పుడు తీసుకుపోగలదు. అడ్డమంతా పిల్ల తండ్రిదే. ఆయన శాలిబండలో ఇనుప బీరువాలు చేసే కార్ఖానాలో పనిచేస్తాడు. మాట తక్కువ మనిషి, అన్న మాట వెనక్కి తీసుకోడు.

"నేను చెప్పి చెప్పి అలిసిపోయిన టీచర్. నా మాట ఇనడు, ఇంట్ల లొల్లి ఐతది. మీరు వచ్చే ఐతారం ఆయన ఉన్నప్పుడు రాండ్రి. మెహ్మాన్ ఇంటికొచ్చి నోరు తెరిచి అడిగితే కాదనేటోడు కాదు."

ఆ ఆదివారం రేపే. వారం నుంచి ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. చదువు గొప్పదనం గురించి ఉపన్యాసం ఇవ్వను, ఆయనకు అది తెలియక కాదు. కుర్చీ వేస్తారు, నీళ్ళిస్తారు. తర్వాత ఆ పిల్ల చాయ్ తెచ్చి నా ముందు పెడుతుంది. నేను ముట్టుకోను. మెహ్మాన్ చాయ్ ముట్టకుండా గడప దాటితే ఆ ఇంటికి ఎంత తలవంపో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. తాగండి టీచర్ అని ఆయన అంటాడు. పిల్లను బడికి పంపుతానని మీ నోటితో చెప్పండి, తాగుతాను అంటాను. చాయ్ చల్లారినా సరే, పైన మీగడ కట్టినా సరే, అలాగే కూర్చుంటాను.